నాగమ్మ నుదుటి మీద ఏం గీయాలి?

మూడు వారాలుగా పల్నాటి యుద్ధం కథలోని నాగమ్మ ముఖం దగ్గరే ఆగిపోయాను.

పల్నాటి వీరులకు నేను గీస్తున్న క్యారెక్టర్ డిజైన్లలో బాలచంద్రుడు రెండు రోజుల్లోనే వచ్చేశాడు. చేతిలో బొంగరం పెట్టగానే కుర్రాడు దొరికాడు. కారెంపూడి యుద్ధం సంగతి తల్లి ఐతమ్మ ఎంత దాచినా అతనికి తెలిసింది ఆ ఆటలోనే, బొంగరం తగిలి కాలికి దెబ్బతిన్న వేరే ఒకావిడ నోటి వెంట. అందుకే కత్తిని వీపుకి కట్టి, బొంగరాన్ని చేతికిచ్చాను.

నాగమ్మ అలా రాలేదు. ఇదివరకు నేను చూసిన బొమ్మల్లో ఆమెకు దట్టమైన కాటుక, ఎర్ర పట్టుచీర, ఒక పక్కకి నవ్వు. చూడగానే విలన్ అని తెలిసిపోవాలన్నట్టు! నాకది నచ్చదు. 12వ శతాబ్దంలో ఒక ఆడమనిషి నలగామరాజుకు మంత్రిగా గురజాలలో చక్రం తిప్పింది. కోడిపందెంలో మోసం చేసిందంటారు. చేసిందే అనుకుందాం. ఓడినవాళ్లు 7 ఏళ్లు రాజ్యం వదిలిపోవాలన్న పందేనికి అవతలి పక్షం, అంటే మాచర్ల, మంత్రి బ్రహ్మనాయుడూ ఒప్పుకున్నాడు కదా.

ముందు ఆ పట్టుచీర, జాకెట్టు తీసేశాను. బట్టలకి, నగలకి రామప్ప గుడి మదనికల శిల్పాల ఫొటోలు ముందేసుకున్నాను. ఆ గుడి 1213 నాటిది, యుద్ధం 1180ల్లో జరిగిందంటారు కాబట్టి తేడా ఒక తరమే. అయితే వాళ్లు నాట్యం చేసే అందగత్తెలు, ఈమె రాజ్యం నడిపే మనిషి. అందుకని కొప్పు, చెవి కమ్మలు, కుచ్చిళ్లు జారే తీరు మాత్రం తీసుకున్నాను. వెనకాల ముందు మిరప చేలు వేశాను. పల్నాడంటే మిర్చే కదా! రంగు కూడా నింపేశాక గుర్తొచ్చింది, మిరప మన దేశానికి పోర్చుగీసువాళ్లతో వచ్చిన పంట. ఆ లేయర్ మొత్తం తీసేసి జొన్న వేశాను. ఎర్రదనం పోయి, ఆ పాలిపోయిన పచ్చదనంలో ఆమె ఇంకా బాగా కనిపించింది.

మిగిలింది నుదురు. రూపాయి కాసంత బొట్టు పెట్టి అమ్మమ్మకి చూపించాను. అమ్మమ్మది మాచర్ల దగ్గర పల్లె, ఈ కథ వింటూ పెరిగింది.

"మొగుడు పోయిన మనిషికి అంత బొట్టేంటే?" అంది.

తుడిచేశాను. ఖాళీ నుదురుతో ఆమె ఓడిపోయినదానిలా అయిపోయింది. అమ్మమ్మకీ అది నచ్చలేదు. కాసేపు టాబ్లెట్ దగ్గరగా పెట్టుకుని చూసి, "శివభక్తురాలు కదా, వీబూది పెట్టు" అంది.

మూడు గీతలు. బ్రష్ గరుకుగా పెట్టి, ఎడమ నుంచి కుడికి వేళ్లతో పూసుకున్నట్టే లాగాను. మొదట్లో చిక్కగా, చివర్లో పలచగా. కనుబొమ్మ మీద కొంచెం పొడి రాలినట్టు రెండు చుక్కలు. దాంతో కాటుక అక్కర్లేకపోయింది, అదీ తుడిచేశాను. బ్రహ్మనాయుడికి తిరునామం ఎప్పుడో గీసి ఉంచాను. ఇద్దరినీ పక్కపక్కన పెడితే ఇప్పుడు ఇద్దరు మంత్రులు ఎదురెదురుగా నిలబడ్డట్టుంది.

రేపు బ్రహ్మనాయుడి సేనాని కన్నమదాసు మొదలుపెడతాను. అందరూ అతన్ని కత్తితోనే గీస్తారు. నాకు మాత్రం అన్ని కులాలవాళ్లూ కలిసి కూర్చుని తినే చాపకూటి బంతిలో, బ్రహ్మనాయుడి పక్కన, ముద్ద కలుపుతూ ఉన్నప్పుడు గీయాలని ఉంది.