నీడను పట్టడానికి ఫ్లాష్ కొనబోయాను

మా నల్లగొండకు నాలుగు కిలోమీటర్ల దూరంలో పానగల్లు. అక్కడి ఛాయా సోమేశ్వరాలయం సంగతి ఈ వైపు వాళ్లందరికీ తెలిసిందే. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా కదలకుండా నిలబడి ఉంటుంది. సూర్యుడు ఇటు నుంచి అటు పోతాడు, నీడ మాత్రం అక్కడే. ఆ నీడను ఒక్కసారైనా చక్కగా ఫోటో తీయాలని నా కోరిక.

నా దగ్గరున్నది కెనన్ జీ12. 2010లో వచ్చిన కాంపాక్ట్ కెమెరా, మా బావ వాడి వాడి నాకిచ్చాడు. పాతదే అయినా నెత్తిన ఫ్లాష్ పెట్టుకునే హాట్ షూ ఉంది, వెనక స్క్రీన్ ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. వెలుతురును పట్టే సెన్సార్ చిన్నది కాబట్టి చీకట్లో ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే జోరు, పెంచితే ఫోటో నిండా ఇసుక చల్లినట్టు గరుకు వస్తుంది. తగ్గిస్తే షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉండాలి, చెయ్యి వణికి మసక. మూడు ఆదివారాలు పోయి, మూడుసార్లూ ఇవే తెచ్చుకున్నాను.

చీకటి కదా, వెలుతురు కావాలి కదా, అయితే ఫ్లాష్ కొందాం అనుకున్నాను. కెమెరాలో ఉన్న బుల్లి ఫ్లాష్ వేసి చూస్తే లింగం తెల్లగా మెరిసింది, గోడ మీది రాళ్ల గీతలన్నీ కనిపించాయి, నీడ మాత్రం లేదు. పెద్ద ఫ్లాష్ అయితే బాగా వస్తుందేమో అని అప్పటికీ అనిపించింది. నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి. ఆ గదిలోకి నేరుగా ఎండ రాదు, బయటి స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే పలచటి వెలుతురు వస్తుంది. నీడ బతికేది ఆ వెలుతురులోనే. ఎదురుగా నిలబడి ఎంత పెద్ద ఫ్లాష్ వేస్తే అంత శుభ్రంగా నీడ చెరిగిపోతుంది.

ఆ సంగతి బుర్రకెక్కేలోపే మా మేనమామ ఇంట్లో సజ్జ మీది పాత ఫ్లాష్ దింపించాను. రీలు కెమెరాల కాలం నాటిది. పైసా ఖర్చు లేదు కదా అని తగిలించబోతుంటే, గడియారం సెంటర్ దగ్గర స్టూడియో నడిపే అన్న ఆపాడు. "ఆగు సారూ, ముందు మీటర్ పెట్టి చూడు. గా ఫ్లాష్ కెమెరాను కాల్చేస్తది" అన్నాడు. ఫ్లాష్ ఛార్జ్ అయ్యాక అడుగున ఉన్న నడిమి పిన్నుకూ పక్క రేకుకూ మధ్య వోల్టేజీ చూడాలట. చూస్తే 200 దాటింది! పాత ఫ్లాష్‌లలో కొన్నిటికి ఇంత ఉంటుంది, డిజిటల్ కెమెరాల లోపలి సర్క్యూట్‌కు అది తట్టుకునే వోల్టేజీ కాదు. మామ ఫ్లాష్ మళ్లీ సజ్జ ఎక్కింది.

ఇక మిగిలింది ట్రైపాడ్, అదే కెమెరాను కదలకుండా నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు. ఇక్కడా తొందరపడ్డాను. ఫోన్‌లో చూసి 900 రూపాయలకు ఒకటి తెప్పించాను. అయిదడుగుల పైన ఎత్తు అని రాసి ఉంది. నిజమే, నడుమ గొట్టాన్ని పూర్తిగా పైకి లాగితే. అలా లాగితే కెమెరా వెదురు చివర జెండాలా ఊగుతుంది. కెమెరా గురిపెట్టి పిడి బిగించి చెయ్యి తీస్తే, తల మెల్లగా ముందుకు వాలేది. అది ఎంత వాలుతుందో లెక్కేసుకుని కాస్త పైకి గురిపెట్టడం కూడా అలవాటు చేసుకున్నాను. రెండు వారాలకు ఒక కాలి లాక్ విరిగింది. మంచిదే అయింది.

ఈసారి కెమెరా బ్యాగులో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాను. ఎంజీబీఎస్‌లో దిగి కోఠికి నడిచి, ఒక దుకాణంలో చెప్పాను: కొంటాను గానీ నా కెమెరా పెట్టి చూశాకే. వాళ్లేమీ అనుకోలేదు. నేను చేసిన పరీక్ష చాలా సులువు. నడుమ గొట్టం ఎత్తకుండా కాళ్లు మాత్రం పూర్తిగా చాపి, కెమెరా బిగించి, జూమ్ చివరిదాకా లాగి, దుకాణం బయటి బోర్డు మీద అక్షరాలకు గురిపెట్టాలి. ఒక కాలును వేలితో మెల్లగా తట్టి, స్క్రీన్‌లో ఆ అక్షరాలు ఎంతసేపు వణుకుతాయో చూడాలి. ఒకదాంట్లో నేను అయిదు లెక్కపెట్టేదాకా వణికాయి, ఇంకోదాంట్లో రెండుకే ఆగాయి. డబ్బా మీద మూడు కిలోలు మోస్తుంది, అయిదు కిలోలు మోస్తుంది అని రాసేదానికంటే నాకు ఈ లెక్కే నమ్మకం. నా కెమెరా అరకిలో కూడా లేదు. బరువు మోయడం సమస్య కాదు, వణకకపోవడమే కావాలి.

ఇంకో చిన్న విషయం ఆ రోజే తెలిసింది. కెమెరాను ట్రైపాడ్‌కు తగిలించే ప్లేటు బిగిస్తే నా కెమెరా అడుగున బ్యాటరీ మూత తెరుచుకోదు. కార్డు మార్చాలంటే ప్లేటు ఊడదీయాల్సిందే. కాంపాక్ట్‌లలో ఇది మామూలేనట. మర మాత్రం అన్నిటికీ ఒకటే, పావు అంగుళం.

కాలికి మూడు ముక్కలే ఉన్న అల్యూమినియం ట్రైపాడ్ తీసుకున్నాను. నాలుగు ముక్కలుండేవి మడిస్తే పొట్టిగా అవుతాయి గానీ, కింది ముక్క పుల్లలా సన్నగా ఉంటుంది. 2,800 అయింది. బస్సులో పైన పెట్టడానికి కాస్త పొడుగే.

నాలుగో ఆదివారం అయ్యగారిని అడిగి, భక్తులకు అడ్డం లేకుండా గడప ఇవతల ఒక పక్కగా పెట్టుకున్నాను. ఐఎస్ఓ 80, షట్టర్ తెరిచి ఉండేది రెండు సెకన్లు. స్టాండు మీద ఉన్నప్పుడు కెమెరాలో వణుకు తగ్గించే ఐఎస్ ఆపేయాలి, లేకపోతే అదే లేని వణుకు తెచ్చిపెడుతుంది. బటన్ నొక్కే కుదుపు కూడా తగలకుండా రెండు సెకన్ల టైమర్. అంతే. నీడ అంచులతో సహా వచ్చింది.

మరి ఫ్లాష్? అదీ కొన్నాను, తర్వాత. స్టూడియో అన్న కొత్తది తీసుకుంటూ తన పాత యోంగ్‌నువో 560ని నాకు రెండు వేలకు ఇచ్చాడు. ఒకే పిన్ను, అంతా చేత్తోనే పెట్టుకోవాలి. వెలుతురు ఎక్కువైతే సగానికి, ఇంకా ఎక్కువైతే పావుకు తగ్గించుకోవడమే. హాట్ షూ లేని కెమెరా వాళ్లకూ ఇలాంటిది పనికొస్తుంది, కెమెరా ఫ్లాష్ వెలుగు చూసి తనూ వెలుగుతుంది. కాకపోతే కాంపాక్ట్‌లు అసలు ఫ్లాష్‌కు ముందు ఒక చిన్న మెరుపు మెరుస్తాయి, దానికే ఇది తొందరపడి వెలిగిపోతుంది. అందుకే ఎస్2 మోడ్ ఉందో లేదో చూసి కొనాలి. అది మొదటి మెరుపును వదిలేస్తుంది. దీనికి నాలుగు పెన్సిల్ సెల్లు కావాలి, రీఛార్జబుల్‌వే మేలు.

మా మేనకోడలి హాఫ్‌సారీ ఫంక్షన్‌కు తీసుకెళ్లాను. ముఖం మీద నేరుగా వేయకుండా పైకి తిప్పి, కప్పు మీద పడి దిగేలా వేస్తే వెలుతురు మెత్తగా ఉంటుందని నేర్చుకున్నాను కదా, షామియానా కింద అలాగే వేశాను. పైన ఉన్నది పసుపుపచ్చా ఎర్రా చారల గుడ్డ. ఫోటోలు చూసుకుంటే పిల్లకే కాదు, వచ్చిన చుట్టాలందరికీ నలుగు పెట్టినట్టుంది. పరుగున అందరినీ ఇంట్లోకి, తెల్ల సున్నం వేసిన స్లాబు కిందికి తోలుకొచ్చి మళ్లీ తీశాను. అవి బాగా వచ్చాయి.

పసుపు ఫోటోలు తీసేద్దామంటే అక్క ఒప్పుకోలేదు. పొద్దున నలుగు పెట్టేటప్పుడు ఎవరూ ఫోటో తీయలేదట, ఇవే ఆల్బంలో మొదట పెట్టమంది.