సింగపూర్‌లో పనికి వచ్చినవాళ్లు ఎక్కడ తినాలి, ఎలా అడగాలి

వర్క్ పర్మిట్ మీదో, మధ్యస్థ నైపుణ్యం ఉన్నవాళ్లకి ఇచ్చే ఎస్ పాస్ మీదో పనికి సింగపూర్ వచ్చిన మనవాళ్లలో చాలామంది మొదటి కొన్ని నెలలూ ఒకే తీరుగా తింటారు. వారమంతా డార్మిటరీకి వచ్చే క్యాటరింగ్ పొట్లం, లేదంటే గదిలో వండుకున్న అన్నం, సీసాలోని పచ్చడి. ఆదివారం భారతీయుల పేట లిటిల్ ఇండియా వెళ్లి ఒక బిర్యానీ. డబ్బు ఒక్కటే దీనికి కారణం కాదు. ఎలా అడగాలో, దేంట్లో ఏం కలుపుతారో తెలియక చాలామంది బయట తినడానికి జంకుతారు. ఆ రెండూ తెలిస్తే నాలుగైదు సింగపూర్ డాలర్లకే వేడిగా, కడుపు నిండా తినొచ్చు.

వెళ్లాల్సింది హాకర్ సెంటర్‌కి, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటికి. ఒకప్పుడు వీధుల్లో బండ్ల మీద అమ్ముకునేవాళ్లని 1970, 80 దశకాల్లో ప్రభుత్వం కప్పు, కుళాయి, డ్రైనేజీ ఉన్న కట్టడాల్లోకి తీసుకొచ్చింది. ఇప్పుడు ఊరంతా కలిపి అలాంటివి నూటికి పైగా ఉన్నాయి. 2020 డిసెంబర్‌లో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని తన వారసత్వ జాబితాలో చేర్చింది. అపార్ట్‌మెంట్ బ్లాకుల కింద ఉండే కాఫీ షాపుల్లోనూ ఇదే పద్ధతి. మాల్‌లోని ఏసీ ఫుడ్ కోర్టులో అదే వంటకానికి ఒకటి రెండు డాలర్లు ఎక్కువ పెట్టాలి. ఇక రెస్టారెంట్ మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే, 10 శాతం సర్వీస్ చార్జీ, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్‌టీ పడతాయని అర్థం. 20 డాలర్ల భోజనం బిల్లులో 23.98 అవుతుంది. హాకర్ దగ్గర బోర్డు మీద ఎంత రాసుంటే అంతే. కొన్ని దుకాణాల ముందు సీడీసీ వోచర్లు తీసుకుంటామని కాగితం అంటించి ఉంటుంది. అవి ఇక్కడి పౌరుల కుటుంబాలకి ప్రభుత్వం ఇచ్చేవి, వర్క్ పాస్ మీద ఉన్నవాళ్లకి రావు.

ముందు సీటు చూసుకోవాలి, ఆ తర్వాతే ఆర్డర్. ఖాళీ బల్ల మీద టిష్యూ పేపర్ ప్యాకెట్ కనిపిస్తే ఎవరో మర్చిపోయారనుకోవద్దు. ఆ చోటు తమదని పెట్టి వెళ్లారన్నమాట. మీరూ అలాగే పెట్టుకోవచ్చు. అమ్మేవాళ్లని పెద్దవాళ్లయితే అంకుల్, ఆంటీ అంటే చాలు, అందరూ అలాగే పిలుస్తారు. ‘హియర్’ అంటే ఇక్కడే తింటామని, ‘డబావ్’ అంటే కట్టివ్వమని. కట్టిస్తే డబ్బాకి కొన్ని సెంట్లు అదనంగా తీసుకుంటారు. తిన్నాక ట్రే తీసుకెళ్లి ర్యాక్‌లో పెట్టడం మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. హాకర్ సెంటర్లలో 2021 సెప్టెంబర్ నుంచి దీన్ని గట్టిగా అమలు చేస్తున్నారు. మొదటిసారి రాతపూర్వక హెచ్చరిక, రెండోసారి 300 డాలర్ల జరిమానా. ర్యాకులు రెండు రకాలుంటాయి, హలాల్ వేరు, మిగతావి వేరు. పంది మాంసం నూడుల్స్ తిన్న గిన్నె హలాల్ ర్యాక్‌లో పెడితే పక్కన తినే ముస్లిం సోదరుల మనసు కష్టపడుతుంది. బోర్డు చదివి పెట్టండి.

కాఫీ దగ్గర నేర్చుకోవాల్సింది కొంచెం ఉంది. ఇక్కడి గింజలు ఎక్కువగా రోబస్టా రకం. చక్కెర, మార్జరిన్ వేసి నల్లగా వేయిస్తారు. పొడిని పొడవాటి గుడ్డ సంచిలో వేసి మరిగే నీళ్లు పోసి వడకడతారు. మన ఫిల్టర్ కాఫీ కమ్మదనం ఇందులో వెతకొద్దు. చేదు, చిక్కదనం దీని గుణం. ఏమీ చెప్పకుండా ‘కోపి’ అంటే కండెన్స్‌డ్ మిల్క్ వేసిస్తారు, బాగా తీపి. ‘కోపి ఓ’ అంటే పాలు లేకుండా చక్కెరతో. ‘కోపి సి’ అంటే తీపి లేని చిక్కటి టిన్ను పాలు, చక్కెర విడిగా. మన నోటికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఇదే. వెనక ‘సియూ దాయ్’ చేరిస్తే చక్కెర తగ్గిస్తారు, ‘కోసోంగ్’ అంటే అసలు వేయరు. ‘గావ్’ అంటే స్ట్రాంగ్, ‘పో’ అంటే పల్చగా, ‘పెంగ్’ అంటే ఐసు వేసి. టీకి కూడా ఇవే మాటలు, కోపి బదులు ‘తే’ అనాలి. కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు ‘కోపి సి కోసోంగ్’ అంటే పాలు ఉండి చక్కెర లేని కాఫీ వస్తుంది. ఉత్త ‘కోపి కోసోంగ్’ అంటే మనిషిని బట్టి ఒకరు నల్ల కాఫీ ఇస్తారు, ఒకరు కండెన్స్‌డ్ మిల్క్‌తో ఇస్తారు. సగం పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. అల్లం టీకి ‘తే హాలియా’. ధర ఒకటిన్నర డాలర్‌కి అటూ ఇటూ. పొద్దున్నే కాఫీతో పాటు కాయా టోస్ట్ తింటే మధ్యాహ్నం దాకా ఆగుతుంది. కాయా అంటే కొబ్బరిపాలు, గుడ్లు, చక్కెర, పాండన్ అనే సువాసన ఆకు కలిపి ఉడికించిన జామ్. దాంతో వచ్చే గుడ్లు సగమే ఉడికి జారుతూ ఉంటాయి. నల్ల సోయా సాస్, తెల్ల మిరియాల పొడి వేసుకుని తినాలి. పచ్చివాసన పడనివాళ్లు గుడ్లు వద్దని టోస్ట్ ఒక్కటే తీసుకోవచ్చు.

రోజూ మధ్యాహ్నం తినడానికి అన్నిటికంటే పనికొచ్చేది మిక్స్‌డ్ రైస్ దుకాణం. కొందరు ఎకానమీ రైస్ అంటారు, చైనా వాళ్లు ‘చాయ్ పంగ్’ అంటారు. అద్దం వెనక ఇరవై దాకా కూరలు ట్రేల్లో ఉంటాయి. వేలితో చూపిస్తే అన్నం మీద వేసిస్తారు. ఒక మాంసం, రెండు కూరగాయలు తీసుకుంటే నాలుగైదు డాలర్లు. కూరల పక్కన ధర రాసి ఉండదు, అదే చిక్కు. కోడి, గుడ్డు, ఆకుకూర మామూలు ధర. చేప ముక్క, రొయ్య చూపిస్తే ఒక్కసారిగా రెండు మూడు డాలర్లు పెరుగుతుంది. చూపించే ముందే ‘హౌ మచ్’ అని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. మనకి నప్పేవి టమాటా గుడ్డు, బంగాళాదుంప వేసిన చికెన్ కర్రీ, క్యాబేజీ, బీన్స్, టోఫు (సోయా పన్నీరు). వంకాయ కూర నోరూరిస్తుంది గానీ అందులో పంది ఖీమా గానీ ఎండు రొయ్యలు గానీ ఉండొచ్చు. ఆవిరి మీద ఉడికించిన గుడ్డులోనూ అంతే. అన్నం ఆరిపోయినట్టు ఉంటే ‘కర్రీ ఆన్ రైస్’ అనండి, చికెన్ పులుసు ఒక గరిటె ఊరికే పోస్తారు. బల్ల మీదో కౌంటర్ దగ్గరో సోయా సాస్‌లో వేసిన ఎర్ర మిరపకాయ ముక్కలుంటాయి. చిన్నవైనా కారం మన గుంటూరు మిర్చికి తీసిపోదు. వాటికి డబ్బు తీసుకోరు. పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా ఆఫీసుల జనం నిండిపోతారు. పదకొండున్నరకే వెళ్తే కూరలన్నీ ఉంటాయి, వరుసా ఉండదు.

మలయ్ వాళ్ల నాసి పడాంగ్ కూడా ఇలాగే చూపించి తీసుకునేదే. కొబ్బరిపాలు, మసాలా ఉండటం వల్ల మనకి ఇదే ఎక్కువ రుచిస్తుంది. గొడ్డుమాంసం తిననివాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ముదురు గోధుమ రంగులో పొడిపొడిగా కనిపించే రెండాంగ్ మామూలుగా గొడ్డుమాంసమే. ‘ఆయమ్’ అంటే కోడి, ‘ఇకాన్’ చేప, ‘ఉడాంగ్’ రొయ్య, ‘తెలూర్’ గుడ్డు, ‘సోతోంగ్’ స్క్విడ్, ‘లెంబు’ గొడ్డు, ‘బాబీ’ పంది. ‘దాగింగ్’ అంటే మాంసం అని అర్థం గానీ బోర్డు మీద ఉంటే గొడ్డుమాంసమే అనుకోండి. గెలాంగ్ సెరాయ్ మార్కెట్ పైఅంతస్తులో ఈ తిండి ఎంత కావాలంటే అంత దొరుకుతుంది.

శాకాహారులకి కష్టమే, కానీ దారులున్నాయి. చైనా నూడుల్స్ దుకాణంలో ‘మాంసం వద్దు’ అంటే పైనున్న ముక్కలు తీసేస్తారు, అంతే. నూనె పంది కొవ్వుది కావొచ్చు, రసం ఎముకలది కావొచ్చు. చార్ క్వే తియావ్ అనే వేయించిన వెడల్పు బియ్యం నూడుల్స్‌లో కొవ్వు, ఆల్చిప్పలు రెండూ ఉంటాయి. లక్సా అనే కొబ్బరిపాల నూడుల్స్ పులుసులో ఎండు రొయ్యలు నూరి వేస్తారు. సంబాల్ అనే మిరప పచ్చడి ఉంటే అందులో రొయ్యల ముద్ద కలిసిందే అనుకోవాలి. చికెన్ రైస్‌లో చికెన్ తీసేసి అన్నం మాత్రం తిందామన్నా కుదరదు, ఆ అన్నాన్ని కోడి కొవ్వులో, కోడి రసంలోనే వండుతారు. ‘నో పోర్క్ నో లార్డ్’ (పంది మాంసం, పంది కొవ్వు లేవు) అన్న బోర్డు ఉన్నంత మాత్రాన అది హలాల్ అనీ కాదు, శాకాహారం అసలే కాదు. నమ్మకంగా తినగలిగేది బౌద్ధుల శాకాహార దుకాణాల్లో. దాదాపు ప్రతి పెద్ద హాకర్ సెంటర్‌లోనూ ఒకటి ఉంటుంది, ‘వెజిటేరియన్’ అని బోర్డు కూడా ఉంటుంది. అక్కడ బాతు, చేప అన్న పేర్లతో కనిపించేవి గోధుమ జిగురుతో, సోయాతో చేసినవి. పొద్దున వేయించిన బీహూన్, అంటే సన్న బియ్యం సేమియా, చవకగా దొరుకుతుంది. ఉల్లి, వెల్లుల్లి వేయని దుకాణాలూ ఉన్నాయి. గుడ్డు వాడతారేమో మాత్రం అడగండి.

ఇక టెక్కా సెంటర్. లిటిల్ ఇండియా ఎంఆర్‌టీ (మెట్రో రైలు) స్టేషన్ సి గేటు నుంచి బయటికొస్తే పక్కనే. కింద ఒకవైపు చేపలు, మేకమాంసం, కూరగాయల మార్కెట్, ఇంకోవైపు తినే దుకాణాలు, పైన బట్టలు, దర్జీలు. బయట బఫెలో రోడ్డు పొడవునా మునక్కాయలు, కరివేపాకు, అరటాకులు. వండుకునేవాళ్లు ఉదయాన్నే రావాలి, మధ్యాహ్నానికి చేపల బల్లలు కడిగేస్తారు. సోమవారం చాలా బల్లలు ఖాళీగా ఉంటాయి. ఇక్కడి బిర్యానీలో, తక్కువ ధరకి మంచి తిండి పెట్టేచోట్లకి ఇచ్చే మిషెలిన్ బిబ్ గుర్మాండ్ గుర్తింపు అందుకున్న అల్లావుద్దీన్స్ బిర్యానీ దుకాణం పేరు అందరూ చెబుతారు. హైదరాబాద్ రుచి ఆశించి వెళ్తే మాత్రం నిరాశే. ఇక్కడి పద్ధతిలో మసాలా తక్కువ, పక్కన పెరుగు చట్నీకి బదులు దోసకాయ, అనాస ముక్కల పుల్లటి అచార్, ఒక గరిటె దాల్చా, అంటే పప్పు, కూరగాయల పులుసు. ఆ దాల్చా ఇంకొంచెం అడిగి కలుపుకుంటేనే దీని రుచి తెలుస్తుంది. బోర్డు మీద ‘దమ్’ అని ఉంటే మాంసం, బియ్యం కలిపి ఉడికించినట్టు. లేకపోతే చాలాచోట్ల అన్నం, కూర వేరువేరుగా వండి పళ్లెంలో కలుపుతారు.

టెక్కాలో చాలామంది మనవాళ్లు దాటేసి వెళ్లిపోయేది ఇండియన్ రోజాక్. పేరు ఇండియన్ అయినా ఇండియాలో దొరకదు. అద్దాల పెట్టెలో వడల్లాంటివి, రొయ్యల పిండి బిళ్లలు, టోఫు, బంగాళాదుంప, గుడ్డు పేర్చి ఉంటాయి. కావాల్సినవి ఏరి ఇస్తే మళ్లీ వేడి చేసి, ముక్కలు కోసి, చిలగడదుంపతో చేసిన ఎర్రటి తీపి కారం పులుసు గిన్నెలో పోసిస్తారు. ముక్కకి ఇంత అని లెక్క, కాబట్టి మూడు నాలుగు దాటితే బిల్లు పెరుగుతుంది. పరాటాని ఇక్కడ ప్రాటా అంటారు. ఒకటి డాలరున్నరకి అటూ ఇటూ. దాంతో ఊరికే ఇచ్చే కూర చాలాచోట్ల చేప పులుసో మాంసం పులుసో అయి ఉంటుంది. శాకాహారులు ముందే ‘దాల్’ అనాలి.

ఇంటి భోజనం కావాలనుకున్న రోజు సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి ఉన్న కోమల విలాస్, అంతకంటే పాతది, 1924 నాటి ఆనంద భవన్ ఉన్నాయి. రెండూ తమిళుల శాకాహార హోటళ్లు, ఇడ్లీ, దోసె, భోజనం నమ్మి తినొచ్చు. వెనక వీధి రేస్ కోర్స్ రోడ్డు. ఆంధ్రా భోజనం బోర్డులు కనిపించేది ఆ చుట్టుపక్కలే. అదే వీధిలో ముత్తూస్ కర్రీ, బనానా లీఫ్ అపోలో పేరు మోసింది చేప తలకాయ కూరతో. ఈ వంటకం సింగపూర్‌లో ఒక మలయాళీ వంటవాడి చేతిలో పుట్టింది. చేప తల మీద చైనా వాళ్లకున్న ఇష్టం, మన వైపు చింతపండు పులుసు కలిశాయి. బెండకాయలు, వంకాయలు తేలుతూ ఉంటాయి. మన చేపల పులుసు తిని పెరిగినవాళ్లకి వెంటనే నచ్చుతుంది. ఒక్కరే తినగలిగేది కాదు, ధరా తక్కువ కాదు. నలుగురు కలిసి వెళ్లి పంచుకుంటే బాగుంటుంది.

మాక్స్‌వెల్ హాకర్ సెంటర్‌లో తియాన్ తియాన్ చికెన్ రైస్ దగ్గర వరుస పొడవుగా ఉంటుంది. ఎముక దగ్గర కాస్త ఎర్రగా ఉందని కంగారు పడకండి, ఉడికించగానే చల్లని నీళ్లలో ముంచడం వల్ల అలా ఉంటుంది. నచ్చకపోతే ‘రోస్టెడ్’ అడగండి. నార్త్ బ్రిడ్జ్ రోడ్డులో సుల్తాన్ మసీదు ఎదురుగా 1908 నాటి జామ్ జామ్ హోటల్‌లో ముర్తబక్, అంటే లోపల మాంసం, గుడ్డు పెట్టి కాల్చిన పరాటా, ఒకటి ఇద్దరికి సరిపోతుంది. లావ్ పా సాత్ హాకర్ సెంటర్ పక్క బూన్ టాట్ వీధిలో సాయంత్రం వాహనాలు ఆపేసి సాటే, అంటే పుల్లలకి గుచ్చిన మాంసం, కాలుస్తారు, చూడాల్సిందే గానీ చవక కాదు. చిల్లీ క్రాబ్ (కారం పీత) కిలో లెక్కన అమ్ముతారు. బరువు, ధర తేల్చుకోకుండా ఆర్డర్ చేయొద్దు. అలాంటి చోట్ల అడగకుండా పెట్టే పల్లీలు, తడి టిష్యూలు కూడా బిల్లులో పడతాయి. వద్దంటే తీసేస్తారు.

క్యాటరింగ్ పొట్లం తప్పనివాళ్ల సంగతి కూడా చెప్పాలి. అర్ధరాత్రి దాటాక వండినది తెల్లవారుజామున టిఫిన్‌తో పాటే వస్తుంది, సైట్‌లో తినేది పన్నెండింటికి. ఈ వేడికి, తేమకి అంతసేపు ఉంటే పాడవడం ఖాయం. పొట్లం మీద ఎన్ని గంటల్లోగా తినాలో ముద్ర ఉంటుంది, అది చూడండి. కూర ముందే అన్నంలో పోయకండి. లారీలోనో ఎండలోనో కాకుండా నీడలో పెట్టండి. ముందు పాడయ్యేవి కొబ్బరి కూరలు, పప్పు, సాంబారు. జిగురు తీగలు సాగినా, పుల్లటి వాసన వచ్చినా పారేయాల్సిందే. డబ్బు పోతుందని తింటే రెండు రోజుల కూలి పోతుంది. వారంలో కొన్ని రోజులైనా మధ్యాహ్నం క్యాటరింగ్ మానేసి ఆ డబ్బుతో దగ్గరి కాఫీ షాపులో తినే వీలుందేమో సూపర్‌వైజర్‌ని అడగడం మంచిది. తాగే నీళ్లు కొనక్కర్లేదు, కుళాయి నీళ్లే శుభ్రం, సీసా వెంట ఉంచుకోండి. కాకపోతే ఎంఆర్‌టీలో తినడం, తాగడం నిషేధం, మంచినీళ్లయినా సరే. జరిమానా 500 డాలర్ల వరకు.

బీరు తాగేవాళ్లకి ఇక్కడి చట్టం గట్టిది. రాత్రి పదిన్నర నుంచి ఉదయం ఏడు దాకా బహిరంగ స్థలాల్లో తాగకూడదు, దుకాణాల్లో కట్టించుకునీ వెళ్లకూడదు. 2013 అల్లర్ల తర్వాత లిటిల్ ఇండియాలో ఇంకా కఠినం. శనివారం ఉదయం ఏడు నుంచి సోమవారం ఉదయం ఏడు దాకా అక్కడి రోడ్డు మీద, పార్కులో, గడ్డి మీద ఎక్కడా తాగడానికి లేదు. సెలవు రోజులకీ ఇదే వర్తిస్తుంది. పట్టుబడితే 1,000 డాలర్ల వరకు జరిమానా, పైగా వర్క్ పాస్‌కే ముప్పు రావొచ్చు. ఆదివారం స్నేహితులతో కూర్చోవాలంటే లైసెన్స్ ఉన్న హోటల్ లోపల, వాళ్ల బల్ల దగ్గరే తాగండి. మిగిలిన సీసా చేతిలో పట్టుకుని బయటికి రావద్దు.