చర్చి కింద చర్చి, దాని కింద గుహ

రోమ్‌లో కొలోసియం నుంచి పది నిమిషాలు నడిస్తే సాన్ క్లెమెంటే చర్చి. మా బావ పట్టుబట్టాడు కాబట్టి వెళ్ళాం. ఆయన ఫోన్‌కి వచ్చిన మెసేజ్ దీనికంతటికీ మూలం: మిత్రా అనే పాతకాలపు రోమన్ దేవుడు డిసెంబర్ 25న కన్యకు పుట్టాడట, పన్నెండుమంది శిష్యులట, చనిపోయి లేచాడట, క్రైస్తవులు ఆ కథే ఎత్తుకొచ్చారట. మాది గుంటూరులో చర్చికి వెళ్ళే ఇల్లు. అక్క పెళ్ళయినప్పటి నుంచి ప్రతి క్రిస్మస్ భోజనాల దగ్గరా ఈ గొడవ ఉన్నదే.

పైన ఉన్నది 12వ శతాబ్దపు చర్చి. టికెట్ కొని మెట్లు దిగితే 4వ శతాబ్దపు చర్చి. 1857లో ములూలీ అనే ఐరిష్ ఫాదర్ తవ్వకం మొదలుపెట్టేదాకా పైదే ఆ పాత చర్చి అనుకున్నారు. ఇంకా దిగితే ఇటుక గోడలు, చెమ్మ వాసన, ఎక్కడో నేల కింద పారే నీళ్ళ చప్పుడు. అక్కడ ఉంది మిత్రా గుడి. గుహలాంటి వంపు కప్పు, రెండు పక్కలా రాతి అరుగులు, మధ్యలో బలిపీఠం. దాని మీద మిత్రా ఎద్దును పొడుస్తున్న శిల్పం.

"కన్య ఏది బావా?" అన్నాను.

ఉండదు. మిత్రా బండరాయిలోంచి పుట్టాడు, అదీ ఎదిగిన కుర్రాడిగా. ఆ శిల్పాలు చాలాచోట్ల దొరికాయి. చచ్చేది ఎద్దే. వాళ్ళ పురాణగ్రంథం అంటూ ఏదీ మిగల్లేదు, ఉన్నవి బొమ్మలూ శాసనాలే. రోమన్ మిత్రా ఆనవాళ్ళు కనబడేదే 1వ శతాబ్దం చివరి నుంచి. బైబిల్లో క్రీస్తు గురించి పౌలు రాసిన ఉత్తరాలు అప్పటికే ఉన్నాయి.

"మరి ఇరవై అయిదో తారీఖు?" అన్నాడు బావ.

అది నిజంగా చిక్కే. 354 నాటి రోమన్ పంచాంగంలో డిసెంబర్ 25 దగ్గర అజేయుడి పుట్టినరోజు, 30 రథపందేలు అని ఉంది. ఆ అజేయుడు సూర్యదేవుడని ఎక్కువమంది మాట. అదే పుస్తకంలో ఇంకోచోట క్రీస్తు బేత్లెహేములో పుట్టిందీ ఆ రోజే. ఎవరిని చూసి ఎవరు పెట్టుకున్నారో పండితులకే తెగలేదు. బావకు సగం మార్కులు వేశాను.

పోలిక ఆనాటివాళ్ళకీ తెలుసు. 2వ శతాబ్దంలో రోమ్‌లో ఉన్న జస్టిన్ అనే క్రైస్తవ రచయిత, మిత్రా పూజలో రొట్టె, గిన్నెడు నీళ్ళు పెడతారనీ, దయ్యాలు మన ప్రభువు బల్లను (చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారాన్ని) అనుకరించి అలా నేర్పాయనీ రాశాడు. బావ మెసేజ్‌కి సరిగ్గా తలకిందులు!

మర్నాడు, ముందే బుక్ చేసుకున్నాం కాబట్టి, వాటికన్ కింది సమాధులు చూశాం. ఒక బుల్లి గది కప్పులో బంగారు రంగు మొజాయిక్: తల చుట్టూ కిరణాలు, గుర్రాలు పూన్చిన రథం. అచ్చం మన రథసప్తమి బొమ్మే. గోడల మీదేమో బైబిల్ బొమ్మలు: యోనా, గొర్రెల కాపరి. అందుకే రథంలో ఉన్నది క్రీస్తని చెబుతారు. ఇక్కడ మాత్రం అప్పు తెచ్చుకున్నారనే నాకూ అనిపించింది. కథను కాదు, బొమ్మను.

బయటికొచ్చి ఐస్‌క్రీమ్ తింటూ బావ ఫోన్ తీశాడు. "ఒరేయ్, ఓం మిత్రాయ నమః అంటాం కదా. ఆ మిత్రుడూ ఈ మిత్రా పేరు ఒకటేనట. అంటే అసలు ఇదంతా మన దగ్గర్నుంచే..."

కొత్త మెసేజ్ టైప్ చేస్తున్నాడు.