కురుసురలో అరగంట

కర్నూలు, ఆదివారం రాత్రి

ఓడ దిగి నాలుగు రోజులైనా నడుస్తుంటే నేల ఊగుతున్నట్టే ఉంది. పొద్దున ఉగ్గానికి బొరుగులు నానబెడుతుంటే పక్కింటి అక్క గోడ అవతల నుంచి అడిగింది, "ఏమేం చూసినారు పాపా?" అని. ఓడలో పెట్టిన తిండి గురించి చెప్పాను. ఆమెకు కావలసిందీ అదే. చెప్పనిది ఇక్కడ రాసుకుంటున్నా.

చెన్నైలో ఎక్కిన ఓడ వైజాగ్‌లో పగలంతా ఆగింది. అందరూ కైలాసగిరి అంటే, మా ఆయన సబ్‌మెరైన్ చూడాల్సిందేనని పట్టుబట్టారు. ఆర్కే బీచ్‌లో ఉన్న ఐఎన్‌ఎస్ కురుసుర సోవియట్ వాళ్ళు కట్టింది. 1969లో మన నేవీలో చేరి, 2001లో రిటైరై, ఆ మరుసటేడు మ్యూజియమైంది. 91 మీటర్ల పొడవు. బయటి నుంచి చూస్తే ఎంత పెద్దదో అనిపిస్తుంది. లోపల కాలు పెట్టాక ఆ మాట మళ్ళీ అనలేదు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తల వంచి, కాలెత్తి, గుండ్రటి కంతలోంచి దూరాలి. నా మోకాళ్ళ నొప్పి సంగతి వెనకున్న పిల్లలకేం తెలుసు!

ఇందులో 75 మంది ఉండేవాళ్ళట. టార్పెడోల పక్కనే పడకలు. మంచినీళ్ళు తాగడానికీ వంటకే, స్నానం మాట మరిచిపోవాల్సిందేనన్నారు నేవీలో చేసి రిటైరైన గైడ్.

మా ఆయన ముందుకు పోయారు గానీ నేను అక్కడే నిలబడిపోయాను. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర ఊళ్ళోకొచ్చినప్పుడు పద్నాలుగు మందిమి ఎదురింటి మిద్దె మీద రెండు రాత్రులున్నాం. కింద మెట్లదాకా బురదనీళ్ళు, పైన ఒక్క బిందెడు మంచినీళ్ళు. అత్తమ్మ గ్లాసుతో కొలిచి పోసేది, పిల్లలకు రెండు, మాకు ఒకటి. రెండో రోజు ఎవరూ చూడకుండా నేను ఇంకో అర గ్లాసు తాగాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"నీళ్ళ కోసం గొడవలు పడేవాళ్ళు కాదా సార్?" అని అడిగాను.

ఆయన నవ్వారు. "గొడవపడి ఎక్కడికి పోతారమ్మా?"

ఆ సాయంత్రం ఓడలో షవర్ కింద నిలబడితే ఎందుకో బకెట్ ఉంటే బాగుండుననిపించింది. ఎన్ని నీళ్ళు పోతున్నాయో తెలిసేది.

రేపు తెల్లారేలోపే కుళాయి వస్తుంది. బిందెలు ఇంకా కడగలేదు.