బొమ్మ బాతు మెడ మీద నూగు

మా బామ్మర్ది మిన్నెసోటా నుంచి వస్తూ పిల్లలకు చాక్లెట్లు, నాకు నాలుగు ప్లాస్టిక్ బాతులు తెచ్చాడు. అక్కడ లైసెన్సు తీసుకుని బాతుల్ని వేటాడతారు. ఈ బొమ్మల్ని నీళ్లలో వదిలితే, పైన పోయే బాతులు తమవాళ్లే అనుకుని దిగుతాయట. మా తాత వింటే ‘దీమం’, అంటే ఎర పిట్ట, అనేవాడు. ఆయన రోజుల్లో పెంపుడు కంజు పిట్ట కూతతో మిగతా కంజుల్ని పట్టేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఇప్పుడు మన దగ్గర అవన్నీ నేరమే. నాకు కావలసింది ఫొటోలే. పరకాల దగ్గర మా పొలం పక్క కుంటలో వీటిని వదిలి, కెమెరా పట్టుకుని తుమ్మ చెట్టు కింద కూర్చుంటాను.

ఇవి మగ మల్లార్డ్ బాతులు. ఒంటికి మామూలు రంగే కానీ తలకూ మెడకూ పచ్చటి నూగు. నగల డబ్బా లోపల మఖమల్‌లా ఉంటుందే, అదే పని. హనుమకొండలో నాది కార్ డెకార్ షాపు కాబట్టి చూడగానే తెలిసింది. జిగురు పూసి, సన్నటి నైలాన్ పోగుల్ని కరెంటు చార్జితో నిటారుగా నాటుతారు. వట్టి ప్లాస్టిక్ ఎండకు తళుక్కుమంటుంది, పిట్టకు అనుమానం వస్తుంది. నూగు ఉంటే ఆ మెరుపు ఉండదు.

నీళ్లకు ఊడుతుందనుకున్నాను. రెండు చలికాలాలు నానినా ఏమీ కాలేదు. పోయిందంతా స్కూటీ మీదే! నాలుగింటినీ ఒకే యూరియా సంచిలో వేసి గతుకుల్లో తీసుకెళ్లేవాణ్ణి. తలలు ఒకదానికొకటి రాసుకుని ముందు చెంపలు, తర్వాత నడినెత్తి బోడి అయ్యాయి.

దగ్గరగా చూస్తే మూడింటికి జిగురు అలాగే ఉంది, పోగులే అరిగాయి. నాలుగోదాన్ని గోటితో గీకితే నూగు జిగురుతో సహా పొరలా లేచి వచ్చింది. బిందెలు, క్యాన్లు చేసే పాలిథీన్ లాంటి ప్లాస్టిక్‌కు ఏ జిగురూ ఊరికే పట్టదు. మంట చూపించో, ప్రైమర్ కొట్టో పట్టు తెప్పించాలి. ఈ బాతుకు ఆ పని సరిగ్గా చేసినట్టు లేదు. అరగడం నా తప్పే, ఒప్పుకుంటాను. పొర లేవడం మాత్రం తయారీలో తప్పు.

దాన్ని గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, జిగురు పూసి నేనే నూగు చల్లాను. మెషిన్ లేకుండా చేత్తో చల్లితే పోగులు నిలబడవు, పశువులు తొక్కిన గడ్డిలా అడ్డంగా పడతాయి. పచ్చ రంగు కూడా ఒక్కో వైపు ఒక్కోలా కనిపిస్తోంది. పైగా షాపులో పిల్లాడు మరక తుడుద్దామని థిన్నర్ పట్టించాడు, అక్కడ జిగురు మెత్తబడి ఒక కన్ను చుట్టూ గుంట పడింది. బురద అంటితే పూర్తిగా ఆరనిచ్చి పాత పళ్ల బ్రష్‌తో దులిపితే చాలు, థిన్నర్ జోలికి పోకూడదు.

ఇప్పుడు ఒక్కో తలకు ఒక పాత సాక్సు తొడుగుతున్నాను, ఆరాకే సంచిలో పెడుతున్నాను. ఒకసారి తడిగానే మూటకట్టి మరిచిపోతే ఒక బాతుకు బూజు వాసన పట్టింది. మా ఆవిడ దాన్ని ఇంకా బాల్కనీ దాటి లోపలికి రానివ్వట్లేదు.