కుడిపక్క పైన చుక్క

మా నాన్న అనకాపల్లిలో ఒక సినిమా హాల్లో ఆపరేటరు. ఎనభైల్లో మాత్రం ఆదివారం మ్యాట్నీ అసిస్టెంటుకి అప్పజెప్పి, నన్ను వెంటబెట్టుకుని ఎదురింటి మాస్టారి టీవీ ముందు కూర్చునేవాడు. బధిరుల వార్తలు అయ్యాక దూరదర్శన్‌లో అవార్డు సినిమా వచ్చేది. బెంగాలీ, మలయాళం, ఒడియా, ఏదైనా సరే. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు రావు. నేను కూడబలుక్కుని చెప్తుంటే వినేవాడు.

తెర మీద కుడిపక్క పైన చిన్న చుక్క మెరిసేది. ‘రీలు మారిందిరా’ అనేవాడు. ఒక రీలు అయిపోవస్తోంది, తర్వాతి రీలున్న రెండో ప్రొజెక్టరు ఆన్ చేయమని ఆపరేటరుకి గుర్తు అది. నాకు ఎప్పుడూ దొరికేది కాదు, ఆయనకు ఒక్కటీ తప్పేది కాదు.

ఆ సినిమాల వెనక సర్కారు డబ్బుందని డిగ్రీ చదివేటప్పుడు తెలిసింది. సినిమా రంగం మీద ప్రభుత్వం వేసిన ఎస్.కె. పాటిల్ కమిటీ, సినిమాలకు అప్పిచ్చే సంస్థ కావాలని, సినిమా నేర్పే బడి కావాలని 1951లోనే చెప్పింది. ఆ రెండూ వచ్చేసరికి 1960 అయింది. బడిని పుణేలో పాత ప్రభాత్ స్టూడియోలో పెట్టారు. పాత సినిమాలు దాచే ఆర్కైవు 1964లో వచ్చింది. వినోదపు పన్ను మాత్రం ఏ ఏడూ ఆగలేదు, మా హాల్లో నేల టిక్కెట్టు మీద కూడా పడేది.

ఆ ఫిలిం ఫైనాన్స్ కార్పొరేషన్ అప్పుతోనే మృణాల్ సేన్ 1969లో ‘భువన్ షోమ్’ తీశాడు. 1980లో ఆ కార్పొరేషన్ ఎన్‌ఎఫ్‌డీసీలో, అంటే జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో, కలిసింది. ‘జానే భీ దో యారో’, ‘మిర్చ్ మసాలా’ అక్కడివే. పేరూ పరపతీ లేనివాళ్లను నమ్మి డబ్బివ్వడం చిన్న సంగతి కాదు. ఆ నమ్మకం లేకపోతే ఆ సినిమాలు ఉండేవే కావు.

కానీ తీసిన సినిమా ఆడేదెక్కడ? నా బాధంతా అదే. మా హాలుకి బస్సు మీద రీళ్ల బాక్సులు దిగేవి. ఏ బాక్సు దిగాలో డిస్ట్రిబ్యూటరు ఇష్టం. అన్నేళ్లలో నాన్న చేతికి ఒక్క అవార్డు సినిమా బాక్సు రాలేదు. అప్పిచ్చిన ప్రభుత్వం ఊరికొక చిన్న హాలు కట్టి ఉంటే, కనీసం వారానికొక ఆట అద్దెకు తీసుకుని ఉంటే, ప్రొజెక్టరు దీపంలో మండే కార్బన్ కడ్డీల మసి అంటిన ఆ చేతులే ఆ రీళ్లు ఎక్కించేవి. ఆయన వాటిని పక్కింటి పిల్లాడి తల అడ్డొస్తుంటే పద్నాలుగంగుళాల టీవీలో చూశాడు.

2022లో పాత సినిమాలు బాగుచేయడానికి 363 కోట్లు ఇస్తున్నామని, 2,200 సినిమాలు చేస్తామని కేంద్రం చెప్పింది. చదివి నిజంగా సంతోషపడ్డాను. మొన్న రాత్రి అలా శుభ్రం చేసిన సినిమా ఒకటి ఫోన్‌లో పెట్టుకున్నాను. గీత లేదు, మరక లేదు. సినిమా అయిపోయేదాకా నా కళ్లు కుడిపక్క పైనే ఉన్నాయి. చుక్క కూడా తుడిచేశారు.