దాపటి బండ, ఎలపటి సివంగి

మా ఇంట్లో రెండు పెద్ద కుక్కలు. బండ లాబ్రడార్, నాలుగేళ్లు, 34 కిలోలు. పిల్లగా ఉన్నప్పుడు ఎక్కడ పడుకోబెడితే అక్కడే పడి ఉండేవాడు. ఓరుగల్లులో పుట్టినవాడికి అంతకంటే మంచి పేరు తోచలేదు. సివంగి జర్మన్ షెపర్డ్, ఏడాదిన్నర, 29 కిలోలు. మా ఆయన స్నేహితుడికి దుబాయిలో పని దొరికింది, ఆయన కుక్క మాకు దొరికింది. వాళ్లిద్దరూ కలిసి 63, నేను 56. తాడుకు అవతల వైపే బరువెక్కువ.

బండ ఒక్కడే ఉన్నన్నాళ్లు హనుమకొండ సందుల్లో హాయిగా తిరిగేవాళ్లం. సివంగి ఏప్రిల్‌లో వచ్చాక మొదటిరోజే ఇద్దరినీ కలిపి బయటికి తీశాను. 300 మీటర్లకు 40 నిమిషాలు పట్టింది. తాడు బిగుసుకున్నప్పుడల్లా ఆగితే 23 సార్లు ఆగాల్సి వచ్చింది. ఇంటికి రాగానే గోడమీది క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో "23" అని రాశాను, ఎందుకు రాశానో అప్పుడు నాకే తెలియదు. తర్వాత అదే అలవాటైంది. దసరాకల్లా మా ఆయన సాయం లేకుండా నేనొక్కదాన్నే ఇద్దరినీ పట్టుకుని వరంగల్ రాతికోట దర్వాజ దాటాలని అనుకున్నాను. కింద ఉన్నవన్నీ ఆ గళ్లలోంచి ఎత్తి రాసినవే.

మే

ఈ నెల నడక తక్కువ, ఎండ లెక్కలు ఎక్కువ. పొద్దున 5కు బయలుదేరి 5.40కల్లా ఇంట్లో ఉండాలి. ఒకరోజు చల్లబడింది కదా అని సాయంత్రం ఏడున్నరకు దిగాం. బండ తారురోడ్డు మీద కాళ్లు మార్చి మార్చి ఎత్తుతున్నాడు. చెప్పులు వేసుకున్న నాకు ఏం తెలుస్తుంది? వంగి అరచేతి వెనకభాగం రోడ్డుకు ఆనించి లెక్కపెట్టాను. నాలుగు అనేసరికి చెయ్యి తీసేశాను. అప్పటినుంచి అదే మా పరీక్ష: ఏడు లెక్కపెట్టే దాకా చెయ్యి ఆగకపోతే ఆ రోడ్డు మీద కుక్క కాలు పెట్టదు. మట్టిబాట త్వరగా చల్లారుతుంది, తారు రాత్రి తొమ్మిదైనా వేడి వదలదు.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పే చల్లబడాలి. నాలుక బాగా వెడల్పై ముదురు ఎరుపుకు తిరిగి, చొంగ జిగటగా కారుతుంటే ఆ రోజు నడక అయిపోయినట్టే. నీడకు తీసుకెళ్లి పొట్టమీద, కాళ్లమీద నీళ్లు పోయాలి, గాలి తగలనివ్వాలి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది. రెండు లీటర్ల సీసా, ఒక స్టీలు గిన్నె లేకుండా నేను గడప దాటను. తిండి మాత్రం నడకైన గంట తర్వాతే. ఇలాంటి పెద్ద ఛాతీ ఉన్న కుక్కలు కడుపునిండా తిని గెంతితే కడుపు మెలిపడే ప్రమాదం ఉంది, అది గంటల్లో ప్రాణం తీస్తుంది.

రోహిణి కార్తె పూర్తిగా ఇంట్లోనే. వరండాలో తాడు వేసుకుని అటు పది అడుగులు, ఇటు పది అడుగులు. పక్కింటి వాళ్లు చూసి ఏమనుకున్నారో అడగలేదు.

జూన్

ఒకే పిడికి రెండు కొక్కేలుండే జంట తాడు ఆన్‌లైన్‌లో 650 పెట్టి కొన్నాను. డబ్బు దండగ. ఒకటి ఎటు దూకితే రెండోదాన్ని మెడపట్టి అటే ఈడుస్తుంది. సివంగి మొరుగుతుంది, ఎందుకు మొరిగిందో బండకు తెలియదు, అయినా మద్దతుగా వాడూ ఉరుకుతాడు. మృగశిర మొదటి వానకు రోడ్డు జారుగా ఉంది, గోడమీంచి పిల్లి దూకింది. నేను కిందపడ్డాను, మోకాలు దోక్కుపోయింది, చేతిలో తాడు లేదు. అదృష్టం కొద్దీ ఇద్దరూ ఆ జంట తాడుకే చిక్కుకుని కరెంటు స్తంభానికి చుట్టుకుని ఆగారు. ఆ తాడు చేసిన ఒకే ఒక్క మంచి పని అది.

ఇదంతా చూసినవాడు మా వీధి చివర అపార్ట్‌మెంట్‌కు కాపలా ఉండే తాత. పరకాల వైపు ఊరు, నలభై ఏళ్లు నాగలి పట్టినవాడు. నన్ను లేపి, మోకాలు మీద నీళ్లు పోసి, అప్పుడన్నాడు: "కోడెలను కాడికి కట్టెటప్పుడు గిట్లనే కడ్తరా బిడ్డా? ఒక్కొక్కదానికి ముందు నడక నేర్పాలె. తర్వాత జత. అందుట్ల గూడ దాపటిది దాపటికే, ఎలపటిది ఎలపటికే. ఇయ్యాల ఇటు, రేపు అటు అంటే దానికి కుదురది."

దాపట అంటే ఎడమ, ఎలపట అంటే కుడి. ఎడమకు అలవాటైన ఎద్దును కుడివైపు కడితే మంచి ఎద్దు కూడా చాలు తప్పుతుందట. కుక్కల గురించి నేను చూసిన వీడియోల్లో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రే జంట తాడు అటకెక్కింది.

జూలై

ఒక్కొక్కరినీ విడివిడిగా. పొద్దున 20 నిమిషాలు సివంగి, 20 నిమిషాలు బండ. ఇంట్లో మిగిలినవాళ్లు తలుపు దగ్గర ఏడుపు. మొదటి వారం ఆ ఏడుపుకు నాకు చెప్పలేనంత టెన్షన్. రెండో వారానికి నాకూ అలవాటైంది, వాళ్లకూ అలవాటైంది.

సామాను మార్చాను. మెడపట్టీ పేరు, ఫోన్ నంబరు ఉన్న బిళ్లకే, తాడు మాత్రం ఛాతీకి, వీపుకు చుట్టి తొడిగే హార్నెస్‌కు. అది కూడా కొక్కెం వీపు మీద కాకుండా ఛాతీ ముందు ఉండేది. వీపు మీద ఉంటే కుక్క బండి లాగినట్టు ఒళ్లంతా పెట్టి లాగుతుంది. ముందు ఉంటే లాగినప్పుడల్లా దాని ఒళ్లే పక్కకు తిరిగి మన మొహం చూస్తుంది. నైలాన్ తాడు చేతులు కోస్తోందని మంచాలకు అల్లే నవారు, అంగుళం వెడల్పుది, ఆరడుగుల చొప్పున రెండు ముక్కలు కోయించి, బ్యాగులు కుట్టే ఆయన దగ్గర ఇత్తడి కొక్కేలు వేయించాను. రెండూ కలిపి 280 రూపాయలు. వానకు తడిస్తే బరువెక్కుతాయి, ఆరడానికి ఒక రోజు పడుతుంది, అదొక్కటే లోపం.

పద్ధతిలో పెద్ద రహస్యమేమీ లేదు. తాడు బిగిస్తే చెట్టులా నిలబడిపోవాలి, వదులైతే కదలాలి. నా పక్కన నడిచిన ప్రతి కొన్ని అడుగులకు కోడి కార్జం ముక్క. ఉడికించి, కందిగింజంత ముక్కలు కోసి, పెనం మీద ఆరేదాకా వేయించి డబ్బాలో పెడతాను. కార్జం మరీ ఎక్కువైనా మంచిది కాదు కాబట్టి రోజుకు గుప్పెడు దాటనివ్వను, ఆ మేరకు అన్నం తగ్గిస్తాను. బండ పుట్నాలకు కూడా ఇదే మర్యాద ఇస్తాడు. సివంగి పుట్నాలను ఉమ్మేస్తుంది.

మలుపులకు మాటలు కావాలి కదా. "లెఫ్ట్, రైట్" అనబోయి మానేశాను. తాత మాటలే పెట్టాను. "దాపట!" అంటే ఎడమకు, "ఎలపట!" అంటే కుడికి. నెలాఖరుకు సివంగి ఒక్కతే ఉన్నప్పుడు ఆగుళ్లు 4, బండవి 1. ఆ ఒక్కటి కూడా సర్వపిండి బండి దగ్గర.

ఆగస్టు

పది రోజులు గళ్లు ఖాళీ. వానాకాలం గడ్డిలోంచి పిడుదులు పట్టాయి. నేను పైపైన చూసి వదిలేశాను, తప్పు నాదే. బండ అన్నం వదిలాడు. అన్నం వదిలిన లాబ్రడార్‌ను అంతకుముందు నేను చూడలేదు. జ్వరం 104.6 ఉంది. కుక్కకు మామూలుగా 101 నుంచి 102.5 వరకు ఉంటుంది కాబట్టి మనలా 98.6తో పోల్చి కంగారు పడకూడదు, కానీ ఇది నిజంగానే జ్వరం. చిగుళ్లు పాలిపోయాయి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయాయి. డాక్టరు పిడుదు జ్వరమని చెప్పి 28 రోజుల మందు రాశారు. అయిదో రోజుకు వాడు గిన్నె నాకడం మొదలుపెట్టినా కోర్సు మధ్యలో ఆపలేదు.

ఇప్పుడు నడకైన ప్రతిసారీ చెవుల లోపల, వేళ్ల సందుల్లో, చంకల్లో, తోక మొదట్లో వేళ్లతో తడుముతాను. కళ్లకంటే వేళ్లకే త్వరగా దొరుకుతాయి. పట్టుకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగాలి. కిరోసిన్ పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం మా నాయనమ్మ కాలం పద్ధతులు, వద్దు. నెలనెలా పిడుదుల మందు ఇద్దరికీ ఒకే రోజు.

సెప్టెంబర్

జత కట్టాం. నేను రోడ్డుకు కుడి అంచున, ఎదురొచ్చే బండ్లు కనబడేలా నడుస్తాను. కాబట్టి బండ్లు పోయేది నా ఎడమవైపు. అటు బండ, గోడవైపు సివంగి. హారన్ కొట్టినా, పక్కనుంచి ఆటో రాసుకుంటూ పోయినా బండ లెక్కచేయడు. సివంగి ఆటోను శత్రువనుకుంటుంది. దాపటిది, ఎలపటిది అలా తేలిపోయాయి. ఆ తర్వాత ఒక్కరోజు కూడా మార్చలేదు. మొదటిరోజు ఆగుళ్లు 11, పదో రోజు 6.

వీధికుక్కల సంగతి వేరే చెప్పాలి. ప్రతి సందుకూ ఒక గుంపు, ప్రతి గుంపుకూ ఒక హద్దు. నేను నేర్చుకున్నది, హద్దు మొదలయ్యే చోటే దారి మార్చుకోవడం. తప్పకపోతే తాళ్లు పొట్టిగా పట్టి, వాటి కళ్లలోకి చూడకుండా, వేగం పెంచకుండా ఏటవాలుగా దాటడం. కర్ర ఒకటి ఉంటుంది, నేలమీద టకటకలాడించడానికే. ఇద్దరికీ రేబిస్ టీకా ఏటా తప్పదు. ఆ వీధికుక్కల్లో కర్రి అనే నల్లకుక్క ఇప్పుడు మా వెనకే పది గజాల దూరంలో నడిచి, తన సందు దాటగానే వెనుదిరుగుతుంది. జమ్మికుంట బస్సుకు తోడొచ్చి దిగబెట్టిపోయే చుట్టంలాగా.

ఆదివారాలు హసన్‌పర్తి వైపు. కాకతీయ కాలువ కట్ట మీద పొద్దున నడక బాగుంటుంది కానీ అక్కడ తాడు విప్పడం లేదు. కాలువ గోడలు కాంక్రీటువి, ఏటవాలు, నాచు పట్టి ఉంటాయి. దూకడం సులభం, ఎక్కడానికి గోళ్లకు పట్టు దొరకదు. బండకు నీళ్లు చూస్తే ఒళ్లు తెలియదు కాబట్టి వాడి ఈత చెరువులో, నీళ్లు తగ్గితే పైకి తేలే శిఖం నేల వైపు, లోతు లేని చోటే. అక్కడా ముందు నేను ఒడ్డంతా తిరిగి చూస్తాను, చేపలు పట్టేవాళ్లు వదిలేసిన గాలాలు ఉంటాయి. నీళ్ల మీద పచ్చటి తెట్టు ఉంటే ఆ రోజు ఈత లేదు.

ఇంటికొచ్చాక అరగంట దువ్వడమే. సివంగి తోకలో ఉత్తరేణి గింజలు, బండ కాళ్ల కింద పల్లేరుకాయలు. బండ ముల్లు దిగితే ఆగి కాలెత్తి చూపిస్తాడు. సివంగి కుంటుతూనే నడుస్తుంది, నేనే పట్టుకోవాలి.

అక్టోబర్

బతుకమ్మ తొమ్మిది రోజులూ సాయంత్రం నడక బంద్. డీజే చప్పుడుకు సివంగి మంచం కింద. దసరాకు రెండు రోజుల ముందు, పొద్దున ఆరుకు, కోటకు.

మట్టికోట దాటి రాతికోట తూర్పు దర్వాజ దగ్గర కారాపాం. మా ఆయన కారులోనే కూర్చోవాలని ఒప్పందం. ఆ దర్వాజ నేరుగా లోపలికి తీసుకెళ్లదు. రెండు ఎత్తైన గోడల మధ్య దారి ఒకసారి మళ్లి, మళ్లీ ఇంకోసారి మళ్లుతుంది. గణపతిదేవుడు, రుద్రమదేవి కాలంలో కట్టిన గోడలు, వచ్చే శత్రువు ఊపు తగ్గించడానికే ఆ మెలిక. మలుపు అవతల ఏముందో మలుపు తిరిగేదాకా తెలియదు. ఆ రోజు అవతల ఉన్నది మేకల మంద. నలభై దాకా ఉంటాయి, దారి నిండా.

నా అరచేతుల్లో చెమట. ఇద్దరి తాళ్లూ బిగిశాయి. "దాపట!" అన్నాను, గొంతు సగమే వచ్చింది. బండ ఎడమ గోడవైపు తిరిగి రాళ్లకు ఆనుకుని కూర్చున్నాడు. సివంగి కూర్చోలేదు, మూలిగింది, ముందరి కాళ్లు నేలకేసి కొట్టింది, కానీ బండను దాటి రాలేదు. మేకలు మమ్మల్ని గోడలో ఒక రాయి అనుకుని పోయాయి. చివర్న వచ్చిన పిల్లవాడు ఆగి "కరుస్తయా అక్కా?" అన్నాడు. "కార్జం అయిపోతే కరుస్తయి" అన్నాను. డబ్బా మొత్తం అక్కడే ఖాళీ అయింది.

క్యాలెండర్ గడిలో: 1.8 కిలోమీటర్లు, ఆగుళ్లు 2, మేకలు 40. తాతకు చెబితే ఆయన మేకల సంఖ్యే అడిగాడు, మిగతాది ముందే తెలిసినట్టు.

నవంబర్ నుంచి జనవరి

పెద్దగా రాసేదేమీ లేదు. మంచు, చలి, రోజూ రెండు కిలోమీటర్లు. రోడ్ల మీద వడ్లు ఆరబోస్తే పక్కనుంచి పోవడం.

ఫిబ్రవరి

అన్నీ వచ్చేశాయనుకున్న వారంలోనే మిర్చి కల్లం. పరకాల రోడ్డులో తాత ఊరికి పోయాం, ఆయనే రమ్మన్నాడు. చేను పక్కన ఎర్రగా ఆరబోసిన మిర్చి. బండకు అది కొత్తరకం దుప్పటిలా కనబడిందో ఏమో, నా చేతిలో తాడు వదులుగా ఉన్న ఒక్క క్షణంలో మధ్యకు నడిచి వెళ్లి ముక్కు పెట్టాడు. ఆ తర్వాత తుమ్ములు, అక్కడే గుండ్రంగా తిరగడం. తాత కోడలు చేట పట్టుకుని ఉరికొచ్చింది. "పైసల మీద నడుస్తున్నడు అక్కా నీ కుక్క!"

నిజమే. తొక్కిన కాయలు ఏరి పక్కన పెట్టాం, తూకం వేసి డబ్బులిస్తానంటే తీసుకోలేదు. బండ కాళ్లు మంటకు నాకడం, నాకితే నోరు మంట. నీళ్లతో కడిగితే కారం పోదు. ముందు మంచినూనె రాసి గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడిగి, మళ్లీ అదే. మూడుసార్లకు తేరుకున్నాడు. కళ్లలో పడలేదు కాబట్టి సరిపోయింది, పడి ఉంటే నేరుగా డాక్టరు దగ్గరికే. సివంగి ఇదంతా కంచె దగ్గర కూర్చుని చూసింది, ఎలపటనే, తాడు వదులుగా.

ఆ రోజు గడిలో సివంగి ఆగుళ్లు 0. బండ పేరు పక్కన అంకె వేయలేదు, ఎర్ర పెన్నుతో ఒక మిరపకాయ బొమ్మ వేశాను.